వేణుగోపాలుణ్ణి గుడ్డపై చిత్రించడం: శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతి

శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో దేవతామూర్తిని చిత్రించదలచినవారు ముందుగా ఒక విషయం గ్రహించాలి. ఇక్కడ చిత్రకారుడు సిద్ధంగా ఉన్న రంగును తెచ్చి గుడ్డకు పూయడు. ఒక పదార్థం మరొక పదార్థాన్ని కలిసినచోట రంగు గుడ్డలోనే పుడుతుంది. కరక్కాయ వగరు పట్టిన గుడ్డకు ఇనుపనీరు తగిలితే నలుపు వస్తుంది, పటిక తగిలినచోట మంజిష్ఠ వంటి వేరు కషాయం ఎరుపుగా నిలుస్తుంది, నీలిమందు గాలి సోకిన తర్వాతే నీలంగా మారుతుంది. అందువల్ల నలుపు, ఎరుపు, పసుపు, నీలం అనే క్రమాన్ని మన సౌకర్యం కోసం మార్చడానికి వీలు లేదు. గీయడం మొదలుపెట్టక ముందే మూర్తిలోని ప్రతి భాగానికి ఏ రంగు ఏ దశలో వస్తుందో నిర్ణయించుకోవాలి.

ఈ కళ ఆలయాలను ఆశ్రయించి పెరిగింది. గర్భగుడి ముందు తెరలుగా, రథాలకు అలంకారంగా, గోడలకు వేలాడదీసే పెద్ద వస్త్రాలుగా రామాయణ, భారత, భాగవత ఘట్టాలను స్వర్ణముఖి నది ఒడ్డున చిత్రించేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి ఇది దాదాపు అంతరించే దశకు చేరగా, హస్తకళల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఈ కళలో జీవితకాలం కృషి చేసిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీలో చెక్క అచ్చులతో అద్దకం చేస్తారు. శ్రీకాళహస్తిలో ప్రతి గీతా చేత్తో, కలంతోనే పడుతుంది. ఈ వ్యాసంలో చెప్పేది ఈ రెండో పద్ధతి గురించి మాత్రమే.

మొదటి చిత్రానికి వేణుగోపాలుణ్ణి ఎంచుకోవాలని నా సూచన. దేహం నీలం, పీతాంబరం పసుపు, నేపథ్యం ఎరుపు, పొన్నచెట్టు ఆకులు ఆకుపచ్చ, ఆవు తెలుపు కాబట్టి ఒకే మూర్తితో అన్ని దశలూ అభ్యాసమవుతాయి. ఒక మీటరు గుడ్డ సరిపోతుంది.

మూడు వారాల ముందు: నల్లరంగు

నల్లరంగును కళాకారులు కసిం అంటారు. ఇది ఊరడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు దీనినే మొదలుపెట్టాలి. మట్టికుండలోగాని గాజు జాడీలోగాని ఒక లీటరు నీరు పోసి, అందులో సుమారు వంద గ్రాముల బెల్లం కరిగించి, అంతే బరువు గల తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేయండి. పాత మేకులు, విరిగిన లాడాలు, ఇనుప రజను ఏవైనా పనికి వస్తాయి, కానీ వాటికి నూనె, పెయింటు అంటి ఉండకూడదు. తాటిబెల్లం దొరికితే దానినీ కొంత కలపండి. మూతిని పలుచని గుడ్డతో కట్టాలే తప్ప గట్టి మూత బిగించకూడదు, ఎందుకంటే పులిసేటప్పుడు వాయువు పుడుతుంది. రోజూ ఒకసారి కర్రతో కలుపుతూ ఉంటే మొదటి వారంలో నురుగు పైకి వస్తుంది. తర్వాత అది తగ్గి, ద్రవం నల్లబడుతుంది. బెల్లం పులియడం వల్ల పుట్టిన ఆమ్లాలు ఇనుమును నెమ్మదిగా కరిగించడమే ఇక్కడ జరిగే పని. పదిహేను రోజుల తర్వాత కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన చిన్న గుడ్డపేలికపై ఒక చుక్క వేసి చూడండి. వెంటనే నల్లబడితే కసిం సిద్ధమైనట్టు. బూడిదరంగు దగ్గర ఆగిపోతే మరికొన్ని రోజులు ఊరాలి.

కసిం ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకోవడం సరికాదు. ఇనుము ఎక్కువైన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలును కొరికివేస్తుంది. పాత అద్దకపు వస్త్రాలలో మిగతా రంగులు చెక్కుచెదరకుండా ఉండి, నల్లగీతలు మాత్రం చిరిగిపోయి కనిపించడానికి ఇదే కారణం. ద్రవాన్ని పలుచని గుడ్డలో వడకట్టి, నలుపు మరీ ముదురుగా వస్తుంటే కొద్దిగా నీరు కలిపి వాడండి.

గుడ్డ, కరక్కాయ, పాలు

గుడ్డ చలువ చేయని నూలు గుడ్డ అయి ఉండాలి. గాడా గుడ్డ, కోరా గుడ్డ అనే పేర్లతో దొరుకుతుంది. పాలియెస్టరు కలిసిన గుడ్డకు ఈ రంగులేవీ పట్టవు. అనుమానం ఉంటే ఒక పోగు లాగి కాల్చి చూడండి: నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి ఉండగా మిగులుతుంది. నేతలో పెట్టిన గంజి పూర్తిగా పోయేందుకు గుడ్డను రాత్రంతా నీటిలో నానబెట్టి, మరునాడు బండపై ఉతికి, మరొకసారి వేడినీటిలో ఉడికించి ఆరవేయండి. నీటి చుక్క వేస్తే అది పైన నిలవకుండా తక్షణం ఇంకిపోవాలి. గంజి మిగిలినచోట కరక్కాయ సరిగా పట్టదు, అక్కడ గీసిన గీత పాలిపోతుంది.

ఒక మీటరు గుడ్డకు సుమారు యాభై గ్రాముల కరక్కాయ పొడి, అర లీటరు నీరు, అర లీటరు పచ్చి గేదెపాలు తీసుకోండి. పొడిని నీటిలో రెండు మూడు గంటలు నాననిచ్చి వడకట్టి, ఆ నీటిలో పాలు కలపండి. పాలు కాచనివి, వెన్న తీయనివి అయి ఉండాలి. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నలుపును ఇస్తుంది; పాలలోని కొవ్వు పోగుల మధ్య నిలిచి, కలం నుంచి జారిన రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. గేదెపాలలో కొవ్వు ఎక్కువ కాబట్టే వాటికి ఈ ప్రాధాన్యం. గేదెపాలు దొరకని దేశాలలో ఉండే తెలుగువారు వెన్న తీయని చిక్కని ఆవుపాలతో ప్రయత్నించవచ్చు, అయితే గీత కొంచెం పాకే అవకాశం ఉంది కాబట్టి ముందు చిన్న ముక్కపై పరీక్షించుకోవాలి.

గుడ్డను ఈ మిశ్రమంలో పూర్తిగా ముంచి, ఒక అరగంటపాటు చేతులతో తిప్పుతూ ఉండండి. తీసిన తర్వాత అంతటా సమానంగా పిండి, ముడతలు లేకుండా ఎండలో పరచండి. ఇక్కడ శ్రద్ధ తగ్గితే తర్వాత సరిచేయలేరు. ముడతపడినచోట పాలు చేరి చారలు ఏర్పడతాయి, ఆ చారలపై నలుపు ఒకచోట ముదురుగా, ఒకచోట వెలిసినట్టుగా వస్తుంది. ఆరిన గుడ్డ లేత పసుపు వన్నెతో, పాల వాసనతో ఉంటుంది. దీనిని ఎక్కువ కాలం నిల్వ ఉంచక, కొద్ది రోజులలోనే గీయడం ప్రారంభించాలి.

కలం తయారీ, బొమ్మ గీయడం

కలానికి ఒక జానెడు వెదురు పుల్ల చాలు. ఒక కొనను కత్తితో సన్నగా చెక్కి, కొన నుంచి సుమారు ఒకటిన్నర అంగుళం పైన ఉన్ని గుడ్డనుగాని పాత నూలు పేలికనుగాని నిమ్మకాయంత ఉండగా చుట్టి, దారంతో గట్టిగా కట్టండి. ఈ ఉండ రంగును పీల్చుకుని నిలుపుతుంది. వేళ్లతో మెల్లగా నొక్కితే రంగు కొన వరకు జారుతుంది. ఎంత నొక్కితే ఎంత జారుతుందో చేతికి తెలియడానికి అభ్యాసం తప్ప మార్గం లేదు. గీతలకు సన్నకొన కలం, రంగు నింపడానికి మొద్దుకొన కలం వేర్వేరుగా ఉండాలి, ప్రతి రంగుకూ కలం కూడా వేరుగానే ఉంచుకోవాలి. కసిం పట్టిన కలాన్ని ఒక్కసారి పసుపులో ముంచినా ఆ పసుపంతా మురికి ఆకుపచ్చగా మారిపోతుంది.

మొదటి రూపురేఖలకు చింతబొగ్గు వాడతారు. పెన్సిలంత మందం గల చింతపుల్లలను గాలి చొరని డబ్బాలో పెట్టి నిప్పులపై ఉంచితే అవి బూడిద కాకుండా బొగ్గుగా మారతాయి. ఆ గీత గుడ్డపై స్పష్టంగా కనిపిస్తుంది, దులిపితే పోతుంది. సీసపు పెన్సిలు గీత అలా పోదు కాబట్టి దానిని వాడవద్దు.

మూర్తిని కూర్చే విషయంలో సంప్రదాయాన్ని అనుసరించడం మంచిది. వేణుగోపాలుడు త్రిభంగిలో, అంటే దేహం మూడుచోట్ల వంగిన భంగిమలో, ఎడమకాలిపై నిలిచి కుడికాలిని దాని ముందుగా అడ్డంగా ఉంచి, వేణువును తన కుడివైపుకు పట్టి ఉంటాడు. తలపై కిరీటం, అందులో నెమలిపింఛం, మెడలో వనమాల, వెనుక పొన్నచెట్టు, పాదాల దగ్గర మెడ ఎత్తి చూసే ఆవు ఉండాలి. శ్రీకాళహస్తి బొమ్మలలో కళ్లు విశాలంగా, నగల వివరాలు నిండుగా, ఖాళీ జాగా తక్కువగా ఉంటాయి. పెద్ద కథావస్త్రాలలో ప్రధాన ఘట్టం మధ్యలో ఉండి, చుట్టూ వరుసలుగా మిగతా కథ సాగుతుంది. ఒక్కో పటం అంచున ఆ ఘట్టాన్ని తెలుగులో రాస్తారు. మీరూ చిత్రం కింద ఒక పట్టీ వదిలి, అందులో మూర్తి పేరును కసింతోనే రాయవచ్చు. ఆ అక్షరాలు అలంకారం కోసం పెట్టినవి కావు, చూసేవారికి కథ చదివి వినిపించడానికి పుట్టినవి కాబట్టి వాటిని చదవగలిగేటంత పెద్దగా రాయాలి.

బొగ్గు గీతలపై కసింతో గీయడం ఈ పనిలో అత్యంత కీలకమైన దశ. గుడ్డ కింద దుప్పటి మడత వేసిన బల్లనుగాని, నేలపై పరచిన మెత్తని గుడ్డనుగాని ఉంచండి. కలాన్ని ముంచాక అదనపు ద్రవాన్ని కుండ అంచుకు ఆనించి తీసివేసి, ముందుగా ముఖం, కళ్లు, చేతులు గీయండి; కలం అప్పుడే కొత్తగా, కొన పదునుగా ఉంటుంది. తర్వాత నగలు, వస్త్రపు మడతలు, చెట్టు, అంచు డిజైను వేయాలి. గీత పడేటప్పుడు పలుచగా కనిపించి, చూస్తుండగానే నల్లబడుతుంది. తొందరపడి దానిపై మళ్లీ దిద్దవద్దు, కాసేపు ఆగి చూడండి. కసిం చుక్క పొరపాటున పడితే చెరపడం సాధ్యం కాదు, కనుక దానిని పువ్వుగానో ఆభరణంగానో మలచుకోవడమే తగిన పని. గీయడం పూర్తయ్యాక ఒక రోజు ఆరనిచ్చి, ఎక్కువ నీటిలో జాడించండి. అంటని కసిం ఇప్పుడే వదిలిపోవాలి, లేకపోతే తర్వాతి ఉడుకులో అది గుడ్డంతా పట్టుకుంటుంది.

ఎరుపు

ఎరుపు రావలసినచోట ముందుగా పటిక నీరు పూయాలి. ఇరవై గ్రాముల పటికను రెండు వందల మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కరిగించండి. ఈ నీరు కంటికి కనిపించదు కాబట్టి, ఎక్కడ పూశామో తెలియడానికి కొద్దిగా వేరు కషాయం కలుపుకోండి. మొద్దుకలంతో నేపథ్యమంతా, సన్నకలంతో పెదవులు, అరచేతులు, పాదాల అంచులు, వనమాలలోని పువ్వులు నింపండి. కృష్ణుడి దేహం, పీతాంబరం, ఆకులు, ఆవు మాత్రం పూర్తిగా వదిలేయాలి. నీలం రావలసిన దేహంపై ఒక్క పటిక చుక్క పడినా అది ఎర్రమచ్చగా తేలుతుంది, తర్వాత దానిపై నీలం వేస్తే ఊదాగా కనిపిస్తుంది. పూసిన గుడ్డను కనీసం ఒక రోజు కదల్చకుండా ఉంచి, మరునాడు పారే నీటిలోగాని, కొళాయి ధార కిందగాని పట్టి జాడించాలి. నిలవ నీటిలో నానబెడితే వదిలిన పటిక పక్కనున్న తెల్లని భాగాలకు అంటుకుంటుంది. ఈ కళ నది ఒడ్డున వికసించడానికి పారే నీటి అవసరం ఒక బలమైన కారణమని నా అభిప్రాయం.

ఎరుపుకు చిరివేరు, మంజిష్ఠ అనే మొక్కల వేళ్లు వాడతారు. నగరాలలో ఆయుర్వేద మూలికల దుకాణాలలో మంజిష్ఠ తేలికగా లభిస్తుంది. గుడ్డ బరువులో కనీసం సగం బరువు వేరుపొడి తీసుకుని, రాత్రి నానబెట్టి, ఉదయం గుడ్డ స్వేచ్ఛగా తిరగడానికి సరిపడే నీటితో పెద్ద పాత్రలో పోయండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డ వేసి, మంటను నెమ్మదిగా పెంచుతూ, నీరు కుతకుతలాడే స్థితికి రాకముందే మంట తగ్గించి, గంటసేపు కర్రతో ఆపకుండా తిప్పండి. మరీ మరిగిస్తే మంజిష్ఠలోని గోధుమవన్నె బయటికి వచ్చి ఎరుపు మసకబారుతుంది. రంగులకు వాడిన పాత్రలను మళ్లీ వంటకు వాడకూడదు.

గుడ్డ బయటికి తీసినప్పుడు పటిక పూసినచోట ఎరుపు, మిగిలినచోట మురికి గులాబీ వన్నె కనిపిస్తాయి. ఇది చూసి నిరాశ పడనవసరం లేదు. పటిక లేనిచోట రంగు పైపైనే ఉంటుంది, దానిని తొలగించడమే తర్వాతి పని. గొర్రె పెంటికలుగాని ఆవుపేడగాని కలిపిన నీటిలో గుడ్డను రాత్రంతా ఉంచి, ఉదయం జాడించి, ఎండలో పరచి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లుతూ ఉండండి. శ్రీకాళహస్తిలో దీనికి స్వర్ణముఖి ఇసుక తిన్నెలు ఆధారం. మీకు పచ్చగడ్డి ఉన్న స్థలం దొరికితే దానిపైనా, లేకపోతే మేడపై శుభ్రమైన తెల్లగుడ్డ వేసి దానిపైనా పరచవచ్చు. తడి, ఎండ కలిసి పనిచేస్తాయి కనుక పొడిగా ఎండబెట్టి వదిలేస్తే ఫలితం రాదు. రెండు మూడు రోజులలో ఆవు, పీతాంబరం, దేహం ఉన్న జాగాలు తేటపడతాయి, ఎరుపు మాత్రం నిలిచి ఉంటుంది.

పసుపు, నీలం, ఆకుపచ్చ

ఇంతవరకు జాడించడంలో మొదట పట్టించిన పాలు పూర్తిగా పోయి ఉంటాయి. అందువల్ల గుడ్డను మరొకసారి పచ్చిపాలలో ముంచి, సమానంగా పిండి, ఆరబెట్టాలి. ఈ దశను వదిలేసినవారి చిత్రాలలో పసుపు గీత దాటి పాకి ఉండటం చూస్తూనే ఉంటాము.

పసుపుకు కరక్కపువ్వు కషాయం వాడతారు. అది దొరకనప్పుడు దానిమ్మ తొక్కల కషాయమూ మంచి పసుపునిస్తుంది. గుప్పెడు పువ్వును అర లీటరు నీటిలో సగం అయ్యేవరకు మరిగించి, వడకట్టి, చిటికెడు పటిక కలిపి, చల్లారాక పూయండి. పీతాంబరం, నగలు, కిరీటంతోపాటు ఆకుపచ్చ రావలసిన ఆకులకూ, పింఛానికీ ఇప్పుడే పసుపు పూయాలి. మీరు చిత్రంలో గోపికలను చేర్చి ఉంటే వారి దేహాలకూ ఇదే రంగు, ఎందుకంటే ఈ సంప్రదాయంలో స్త్రీమూర్తులను పసుపు ఛాయలో చూపుతారు. రాముడు, కృష్ణుడు, విష్ణువు నీలంగా, హనుమంతుడు ఆకుపచ్చగా, రాక్షసులు ఎక్కువగా ఎరుపులో ఉంటారు. దూరం నుంచి వస్త్రాన్ని చూసే భక్తుడికి పేరు చదవకుండానే పాత్ర తెలియాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. పూసిన పసుపును ఒక రోజు ఆరనిచ్చి, మెల్లగా జాడించండి.

నీలం కష్టమైనది. నీలిమందు నీటిలో కరగదు. ఆమ్లజని తొలగిన క్షార ద్రవంలో రూపం మారితేనే కరిగి పోగులోకి వెళుతుంది, మళ్లీ గాలి తగిలినప్పుడు అక్కడే నీలంగా గట్టిపడుతుంది. పూర్వం సున్నం, తగిరిస గింజల కషాయం వంటివాటితో తొట్టి పులియబెట్టేవారు. ఇంట్లో చిన్న మోతాదుకు ఒక వంతు నీలిమందు పొడి, రెండు వంతుల సున్నం, మూడు వంతుల బెల్లం వేడినీటిలో కలిపి, మూతపెట్టి కొన్ని గంటలు కదల్చకుండా ఉంచితే ద్రవం పసుపు కలిసిన ఆకుపచ్చగా మారి, పైన రాగివన్నె మెరిసే పొర కడుతుంది. అప్పుడే అది వాడకానికి సిద్ధం. సున్నం చర్మాన్ని కాలుస్తుంది కనుక రబ్బరు తొడుగులు తప్పనిసరి, పిల్లలను దూరంగా ఉంచాలి.

తొట్టి నుంచి కొద్దికొద్దిగా చిన్న గిన్నెలోకి తీసుకుని, త్వరగా పూయండి. గిన్నెలో నీలంగా మారిపోయిన ద్రవం గుడ్డలోకి ఇంకదు, ఆరాక పొడిగా రాలిపోతుంది. కృష్ణుడి దేహానికి ఒకేసారి ముదురు పూత వేయకుండా, ఒక పూత వేసి గాలికి పావుగంట ఉంచి, మళ్లీ పలుచని పూత వేయడం మంచిది. రెండు మూడు పూతలలో వచ్చే నీలం సమంగానూ లోతుగానూ ఉంటుంది, ముఖంలోని నల్లగీతలు కూడా మునిగిపోవు. అదే నీలాన్ని పసుపు పూసిన ఆకులపై పలుచగా వేస్తే ఆకుపచ్చ పుడుతుంది. చివరగా ఎక్కువ నీటిలో జాడించి సున్నం పూర్తిగా పోగొట్టి, నీడలో ఆరవేయండి. మిగిలిన కసిం, పటిక, సున్నపు నీళ్లను చెరువులోగాని బావి దగ్గరగాని పారబోయకూడదు.

తర్వాతి జాగ్రత్తలు

ఉతకవలసి వస్తే కుంకుడుకాయ రసంతో చల్లని నీటిలో ముంచి తీయాలే తప్ప, డిటర్జెంటుతో రుద్దకూడదు, మెషీన్లో వేయకూడదు. నాలుగు రంగులలో పసుపు అన్నిటికంటే ముందుగా వెలుతురుకు వెలుస్తుంది. పాత వస్త్రాలలో ఆకులు నీలంగా కనిపించడానికి కారణం ఇదే, ఆకుపచ్చలోని పసుపు వెలిసి నీలం మాత్రమే మిగులుతుంది. కాబట్టి చిత్రాన్ని నేరుగా ఎండ పడే గోడకు వేలాడదీయవద్దు. అద్దం బిగించే పక్షంలో గుడ్డకూ అద్దానికీ మధ్య కొద్ది ఖాళీ ఉంచమని ఫ్రేము కట్టేవారికి చెప్పండి, తేమ చేరితే పాల జాడ మిగిలినచోట బూజు పడుతుంది. దాచేటప్పుడు మడవకుండా, గుండ్రని గొట్టానికి మెత్తని నూలుగుడ్డతో కలిపి చుట్టి, ఎండిన వేపాకు వేసి ఉంచండి. ఏడాదికి ఒకసారి విప్పి, నీడలో గాలికి ఆరనిచ్చి, ముందు చుట్టిన దిశకు ఎదురుగా మళ్లీ చుట్టండి.